బట్టీ పట్టిన రంగులు

"నాకా బల్ల వద్దు మేడమ్" అన్నాడు వాడు. అని ఆగలేదు. గుమ్మం దగ్గర చెప్పు జారితే వంగి వేసుకునే ఓపిక కూడా లేక కాలితోనే ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. భోజనాల గంట అప్పుడే కొట్టారు. మళ్ళీ గంట కొట్టేసరికి ఆఖరి బ్యాచ్ ల్యాబ్‌లోకి వస్తుంది, అందులో వాడూ వస్తాడు, సైన్సు ప్రాక్టికల్ పరీక్ష మొదలవుతుంది, ఆ తర్వాత ఎవరూ చెయ్యగలిగిందేం ఉండదు. ఆమె చేతిలో ఇంకా గుడ్డముక్కలు సర్దుతూ చేతులు తుడుచుకున్న తెల్ల రుమాలు అలాగే ఉంది. కిటికీ పక్కన విడిగా వేయించిన చిన్న బల్ల, బల్ల మీద ట్రే, ట్రేలో ఉల్లిపాయ వాసన పట్టించిన గుడ్డముక్కలు, పక్కనే వాడి నంబరు రాసిన అట్టముక్క. కొత్త అల్లుడికి విస్తరేసినట్టు ఎంత ముద్దుగా సర్దింది! వారం రోజులుగా దీనికోసమే హెడ్‌మిస్ట్రెస్ గది చుట్టూ తిరిగి, కాళ్ళావేళ్ళా పడి, కాదంటే గొంతు పెంచి, చివరికి ఈ బల్ల సాధించింది. తీరా సాధించాక ఎవరికోసం సాధించిందో వాడే వద్దంటున్నాడు. "అక్కడ నిలబడితే నాకేదో ఉందని అందరికీ తెలిసిపోతుంది. ఫెయిలైనా పర్లేదు మేడమ్." గొంతు మారే వయసు, మాట మొదట్లో బొంగురు, చివర్లో కీచు. అందుకే వాణ్ణి క్లాసంతా కీచురాయి అంటుంది. వాళ్ళు ఆమెకీ పేరు పెట్టారు, గాజుగొట్టం మేడమ్ అని. సన్నగా నిట్రాయిలా ఉంటుంది, చేతిలో ఎప్పుడూ ఓ టెస్ట్‌ట్యూబ్ ఉంటుంది, మరి పెట్టరా? పిల్లలు పెట్టే పేర్లలో అబద్ధం ఉండదు. అబద్ధాలన్నీ పెద్దవాళ్ళు వేసే మార్కుల్లోనే.

అవును, మార్కుల్లోనే. ఇవాళ్టి ప్రశ్న ఎంత చిన్నదంటే చెబితే నవ్వొస్తుంది. ప్రతి బల్ల మీదా రెండు సీసాలు, రెండింట్లోనూ నీళ్ళలా కనిపించే ద్రవం, ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, ఏది ఏదో కనిపెట్టి ఎలా తెలిసిందో చెప్పాలి. కనిపెట్టడానికి రంగు కాగితం ఇస్తారు. ముంచితే ఒక దాంట్లో నారింజ తిరుగుతుంది, ఇంకోదాంట్లో ముదురు పచ్చ తిరుగుతుంది, అందరికీ. వాడికి మాత్రం రెండూ ఒకటే, రెండూ ఎండిన ఆకులాంటి ఏదో ఒక రంగు. ఆమ్లమంటే ఏంటో వాడికి తెలుసు, క్షారం దాన్ని ఎలా చంపుతుందో తెలుసు, చీమ కుడితే సోడా ఎందుకు రాస్తారో క్లాసులో లేచి చెప్పింది వాడే. అయినా కాగితం ముంచి పైకెత్తగానే వాడి పని అయిపోతుంది. వాడికి సైన్సు రాదని రాసేస్తారు. కళ్ళకి పరీక్ష పెట్టి సైన్సుకి పెట్టామని చెప్పుకునే దౌర్భాగ్యం ఇది, దీన్ని న్యాయమంటారు, పైగా అందరికీ ఒకటే పరీక్ష పెట్టాం చూడండి అని జబ్బలు చరుచుకుంటారు. అందర్నీ ఒకే గాటన కట్టేస్తే సమానత్వమైపోతుందా? కొంగకీ నక్కకీ ఒకే పళ్ళెంలో పాయసం పోసినట్టు.

పక్కన హెడ్‌మిస్ట్రెస్ గదిలోంచి ఎక్స్‌టర్నల్ సార్ గొంతు వినిపిస్తోంది. వేరే స్కూలు నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చిన మనిషి. కుర్రాడే, ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెడ్డవాడేం కాదు. భయస్తుడు, అంతే. పొద్దున ఆ బల్ల చూడగానే ముఖం చిన్నబుచ్చుకుని, "ఒకడికి ఒక తూకం, ఇంకొకడికి ఇంకో తూకమా మేడమ్? మీ హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంటే సరిపోతుందా, రేపు మిగతా పిల్లల తల్లిదండ్రులొచ్చి నా కాలర్ పట్టుకుంటే?" అన్నాడు. పై ఆఫీసుని అడుగుతానని ఫోను పట్టుకున్నాడు, ఇంకా పట్టుకునే ఉన్నాడు, "హలో... హలో... అదే సార్... ఉల్లిపాయ సార్... కాదు సార్, వంటకి కాదు..." అంటూ. ఇంకోరోజైతే ఆమె పగలబడి నవ్వేది. ఇప్పుడు గడియారం వంక చూసింది. ఆయన ఒప్పించాల్సింది పై ఆఫీసుని, ఆమె ఒప్పించాల్సింది పదిహేనేళ్ళు నిండని మొండివాణ్ణి, రెంటికీ ఉన్నది ఒక్క గంట. పై ఆఫీసు సరే అన్నా వాడు ఆ బల్ల దగ్గరికి రాడు. ఆ సంగతి ఆమెకి వాడి నడక చూసినప్పుడే తెలిసింది. ఆ నడక ఎక్కడిదో కూడా తెలిసింది.

అన్నయ్యది. అచ్చం అన్నయ్యదే. కోపమొస్తే చెప్పులు ఈడ్చుకుంటూ పోయేవాడు, వెనక్కి చూసేవాడు కాదు, పిలిచినా పలికేవాడు కాదు. ఆమె స్టూలు మీద కూలబడి చేతిలోని రుమాలుతో ముఖం తుడుచుకుంది, రుమాలు నిండా ఉల్లిపాయ వాసనే, ఆ వాసన ముక్కుకి తగలగానే ల్యాబ్ లేదు, సీసాల్లేవు, అమ్మ కుట్టుమిషను గది వచ్చి చుట్టూ నిలబడిపోయింది. వీధి గదే కొట్టు, కొట్టు వెనకే వంట, వంట వెనకే పడక. అమ్మ ఒక చేత్తో కూర తరిగి ఇంకో చేత్తో జాకెట్టు కుట్టేది అంటే అతిశయోక్తి కాదు. ఉల్లిపాయలు తరగడమైతే తరిగేది, ఆ చేతులతో ఊళ్ళోవాళ్ళ పట్టుగుడ్డ ముట్టుకుంటే వాసన పట్టేస్తుంది, వాసన పడితే బేరం పోతుంది. అందుకని మిషను పక్కనే సత్తుగిన్నెలో బట్టల సోడా కలిపిన నీళ్ళుండేవి. తరిగాక చేతులు అందులో ముంచి, మంచినీళ్ళతో కడిగి, తుడుచుకుని అప్పుడు గుడ్డ పట్టుకునేది. అన్నయ్య అక్కడే గోడకానుకుని కూచుని కళ్ళు మూసుకుని, "అమ్మా, చెయ్యి పెట్టు" అనేవాడు. అమ్మ ఒక చెయ్యి సోడాలో ముంచి, రెండోది ముంచకుండా, రెండూ వాడి ముక్కు దగ్గర పెట్టేది. వాడు కుక్కపిల్లలా వాసన చూసి ఠక్కున చెప్పేవాడు, "దీనికి సోడా తగల్లేదు. దీనికి తగిలింది. సోడా వాసన తినేసిందే అమ్మా!" ఎన్నిసార్లు ఆడినా తప్పేవాడు కాదు. నేనూ అని తను ఎగబడితే, "నీకు జలుబు బుడ్డీ, నువ్వు పో" అని నెత్తిన మొట్టేవాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత పాఠ్యపుస్తకంలో అదే సంగతి చూసింది, ఉల్లిపాయ వాసన క్షారంలో పోతుంది, ఆమ్లంలో పోదు, కాబట్టి వాసన కూడా సూచికే అని ఉంది. స్టాఫ్ రూములో ఒక్కతే నవ్వుకుంది, పక్కనున్న లెక్కల మాస్టారు పాపం ఆమెకేదో అయిందనుకున్నాడు. పుస్తకంలో ఉండటం ఉంది, పాఠం చెప్పడం చెప్తారు, పరీక్షలోకొచ్చేసరికి మాత్రం రంగు కాగితమే. పుస్తకానికున్న ముక్కు పరీక్షకి లేదు.

ఆ ముక్కున్నవాడికి రంగులొచ్చేవి కావు. రావు అంటే, ఇంట్లో అందరూ అలాగే అనుకునేవాళ్ళు, కొందరికి ఎక్కాలు రానట్టు వీడికి రంగులు రావు అని. గోడకి పెద్ద చెక్క, చెక్క నిండా మేకులు, మేకుకో దారం ఉండ. అమ్మ మిషను తొక్కుతూ తలెత్తకుండా, "పెద్దోడా, పచ్చ దారం" అనేది. పెద్దోడు వెళ్ళి చెక్క ముందు నిలబడేవాడు, చెయ్యి ఎర్ర దారం దాకా పోయేది, పచ్చ దారం దాకా పోయేది, రెంటి మధ్యా ఆడేది. తను వెనకే నక్కి ఉండేది. వాడు ఏ ఉండ మీద వేలు పెడితే దాని సంగతి వాడి వీపు మీద వేలితో చెప్పేది, ఒక్కసారి కొడితే ఎరుపు, రెండుసార్లు కొడితే పచ్చ. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు. అదొక ఆట, అదొక దొంగతనం, అన్నాచెల్లెళ్ళ మధ్య అదొక భాష. తెచ్చిచ్చాక అమ్మ, "ఇవాళ బానే గుర్తుందే!" అని మెచ్చుకునేది, వాడు తన వంక చూసి కన్ను గీటేవాడు. ఓ రోజు తను ఇంట్లో లేదు. ఎవరిదో పెళ్ళి జాకెట్టు, పచ్చటి పచ్చ, దాని భుజం మీద ఎర్ర కుట్టు పడింది. జాకెట్టావిడ నడివీధిలో నిలబడి, "పచ్చ కామెర్లోడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, మీవాడికేం రోగమమ్మా, అసలు పచ్చే కనిపించదు?" అని అరిచింది. వీధంతా నవ్వింది. ఆవిడ ఆ మాటని తిట్టుగానే అంది, తెలియకుండానే ఉన్నమాట అనేసింది, కానీ తిట్లలో నిజం వెతికే తీరిక ఎవరికి? అమ్మ కూడా వెతకలేదు. మతిమరుపనుకుంది. ఆ రాత్రి ఎర్ర దారానికీ పచ్చ దారానికీ చిన్న చిన్న చీటీలు అంటించింది, ఎ అని, ప అని.

తెల్లారేసరికి ఆ చీటీలు లేవు. వాడే పీకి పారేశాడు. "కొట్టుకొచ్చిన ప్రతివాడూ అడుగుతాడు, ఎవరికే ఆ చీటీలు అని. నా మొహాన అంటించినట్టుంది" అన్నాడు, చెప్పులీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు, మధ్యాహ్నం దాకా రాలేదు. అమ్మ మిషను ఆపి కూచుంది చాలాసేపు. మిషను ఆగితే ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమో అప్పుడే తెలిసింది. తర్వాత... తర్వాత ఏం చేసింది అమ్మ? ఆమె ఆ తర్వాతి సంగతిని అందుకోబోయింది, అందలేదు, పక్కగదిలో ఫోను కిందపెట్టిన చప్పుడు, మళ్ళీ ఎత్తిన చప్పుడు, "సార్ భోజనానికి వెళ్ళారా? ఎప్పుడొస్తారు సార్?" అంటున్నాడు ఎక్స్‌టర్నల్. భోజనానికి వెళ్ళారట! ఓ పిల్లవాడి చదువు గుమ్మంలో నిలబడి ఉంటే న్యాయం చెప్పేవాళ్ళు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. వరండాలో పిల్లల గోల, టిఫిన్ డబ్బాల మూతల చప్పుడు, ఎవడో ఎవణ్ణో తరుముతున్నాడు. ఆ గోలలో కీచు గొంతు ఉందేమోనని చెవి పెట్టింది. లేదు.

కీచురాయి సంగతి ఎలా కనిపెట్టిందని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది, డాక్టరు చీటీ ఏదైనా ఉందా అని. డాక్టరు చీటీ తర్వాత తెప్పించింది, అది వేరే సంగతి. కనిపెట్టింది మాత్రం వాడి చూపుతో. ఇది ఏ రంగురా అని అడిగితే ఎవరైనా ఆ వస్తువు వంక చూస్తారు. వీడు పక్కవాడి పెదాల వంక చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. అన్నయ్య బడిలో ప్రతి క్లాసులోనూ అలాగే చూసేవాడు, మ్యాపులో అడవులకి రంగు వేసేటప్పుడు, జెండాల బొమ్మలప్పుడు, ఎవరి పెదాలు కదులుతాయా అని. రంగంటే వాడికి కంటితో చూసేది కాదు, నోటితో నేర్చుకునేది. ఆకు పచ్చ, మిరపపండు ఎరుపు, గడ్డి పచ్చ, ఇటుక ఎరుపు అని రోజూ పొద్దున్నే వల్లె వేసేవాడు. అందరూ అలాగే బట్టీ పడతారనీ, తనకే బుర్ర తక్కువనీ వాడి నమ్మకం. బుర్ర తక్కువట! మేడ మీద పడుకుని నక్షత్రాలన్నిట్లోకీ ముందుగా పొడిచింది ఏదో చూపించేవాడు. బోరింగు పంపు దగ్గర నిలబడి చప్పుడు విని లోపల ఏ వాషరు అరిగిందో చెప్పేవాడు. కాయ నొక్కి ఎన్నాళ్ళకి పండుతుందో చెప్పేవాడు. వాటికెవరూ మార్కులు వెయ్యలేదు, మార్కులు వేసే చోట అవి అడగలేదు.

అన్నయ్య ప్రాక్టికల్ పరీక్ష రోజున తను ల్యాబ్ గోడ అవతల మెట్ల మీద కూచుంది. తనది చిన్న క్లాసు, లోపలికి రానివ్వరు. వాడి వీపు లోపలుంది, తన వేలు బయటుంది. ఆమ్లంలో ఫినాఫ్తలీన్ వేసి, పైనుంచి క్షారం చుక్క చుక్కగా పొయ్యాలి, లేత గులాబీ రంగు వచ్చి నిలవగానే ఆపాలి, ఎన్ని చుక్కలు పట్టాయో రాయాలి. ఆ లేత గులాబీ వాడికి ఉత్త నీళ్ళే. కానీ భయం లేదని నిన్ననే చెప్పాడు, ఛాతీ ఉబ్బించి. క్లాసులో చేసిన ప్రతిసారీ ఒకే లెక్కకి అందరూ ఆగారట, వాడు ఆ లెక్క బట్టీ పట్టేశాడట. "రంగు వాళ్ళు చూస్తారు బుడ్డీ, చుక్కలు నేను లెక్కపెడతా." రంగులు బట్టీ పట్టినవాడికి చుక్కలొక లెక్కా? పరీక్ష రోజున వచ్చిన పెద్దమనిషి క్షారం పల్చగా కలిపించాడు. కలిపించాలి కూడా, అది తప్పు కాదు, పరీక్ష అంటే అదే. అన్నయ్య తన లెక్క రాగానే ఆపేశాడు, లేత గులాబీ వచ్చింది అని రాశాడు. ఫ్లాస్కులో ఏ రంగూ లేదు. నీళ్ళలా తెల్లగా ఉంది. ఆ పెద్దమనిషి ఫ్లాస్కు ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి అందరికీ చూపించాడట. "ఎక్కడ్రా నీ గులాబీ? చూడకుండా ఎవణ్ణి చూసి రాశావు?" అన్నాడట. వాడు ఏం చెప్తాడు? వాడికి తెలిస్తే కదా చెప్పడానికి! తల దించుకున్నాడు. తల దించుకున్నవాడు తప్పు చేసినట్టే లెక్క. దొంగ జవాబు అని రాసి పంపేశారు. ఆ మాట ఇప్పటికీ ఆమెకి పుండు మీద కారంలా ఉంటుంది. వాడు మెట్లు దిగుతూ తనని దాటుకుంటూ పోయాడు, తను ఉన్నట్టు కూడా గమనించలేదు, చెప్పుల చప్పుడు మాత్రం వీధి మలుపు దాకా వినిపించింది. బడికి మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ బతిమాలింది, కొట్టింది, అన్నం మానేసింది. వాడు పంపుల మెకానిక్ దగ్గర చేరిపోయాడు. ఇప్పుడు సొంత షెడ్డుంది, పెళ్ళాం పిల్లలున్నారు, బానే ఉన్నాడు. బానే ఉన్నాడు కదా ఇంకేంటి అంటారు జనం. బానే ఉండటం వాడి గొప్ప, మనది కాదు.

ఎన్నేళ్ళకో, నలభై దాటాక, పంపులు మోసుకెళ్ళే చిన్న ట్రక్కు కొనుక్కుని లైసెన్సుకి వెళ్ళాడు. అక్కడ ఎవరో చుక్కల పుస్తకం తెరిచి ఇందులో ఏ అంకె ఉందని అడిగారు. చుక్కలు తప్ప అంకే లేదు కదా అన్నాడు. ఎరుపూ పచ్చా విడిగా కనిపించని కళ్ళు నీవి అన్నారు వాళ్ళు. అక్కడినుంచి తిన్నగా చెల్లెలింటికి వచ్చాడు, వంటింట్లో పీట వాల్చుకుని కూచున్నాడు, గ్రీజు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు, "ఏమే బుడ్డీ, అంటే... మీరంతా నిజంగానే చూస్తున్నారా?" ఆమెకి ముందు అర్థం కాలేదు. "ఎరుపు, పచ్చ. నిజంగానే వేరువేరుగా కనిపిస్తాయా? బట్టీ పట్టింది కాదా?" అవునన్నయ్యా అంది. వాడు తల ఊపాడు, ఓ నవ్వు నవ్వాడు, "నేను బద్ధకస్తుణ్ణి అనుకున్నానే ఇన్నాళ్ళూ. సరిగ్గా బట్టీ పట్టలేదు, అందుకే అనుకున్నా" అన్నాడు. ఏడవలేదు. ఏడుపు ఆమెకొచ్చింది. గిన్నెలు తోమే నెపం పెట్టుకుని అటు తిరిగింది. ఆ రోజునుంచే ఆమె ఇలా తయారైంది. మీటింగుల్లో లేచి అడగడం, ప్రశ్నపత్రం ముందేసుకుని ఇది దేన్ని కొలుస్తోంది, చదువునా చూపునా చేతి వేగాన్నా అని పోట్లాడటం, గయ్యాళి అనిపించుకోవడం. అనుకోనీ. మెత్తగా అడిగితే వినిపించుకునే చెవులైతే గట్టిగా అరవాల్సిన ఖర్మ ఎందుకు?

అలా అరిచి అరిచి సాధించిన బల్ల ఇది. ఆమె కళ్ళెత్తి దాని వంక చూసింది. విడిగా. కిటికీ వెలుగులో. నంబరు రాసిన అట్టముక్కతో. ఎ అని, ప అని. తను చేసింది చీటీ అంటించడమే కదా! అమ్మ చేసిందే తనూ చేసింది, అదీ ఇన్ని పుస్తకాలు చదివి. అప్పుడు గుర్తొచ్చింది, అందనిది అందింది, మిషను ఆపి కూచున్న అమ్మ ఆ మధ్యాహ్నం ఏం చేసిందో. లేచి, పాత క్యాలెండరు చింపి, చెక్క మీదున్న ప్రతి దారానికీ చీటీ అంటించింది. నలుపుకి, తెలుపుకి, పసుపుకి కూడా. బొత్తాల డబ్బాలకి, సూదుల పెట్టెకి, చివరికి ఉప్పు జాడీకి కూడా. కొట్టంతా చీటీలే. అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు, ఏమీ పీకలేదు. రెండ్రోజుల్లో జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళే, "ఆ 'నీ' చీటీ ఉన్న నీలం దారం వెయ్యవమ్మా" అని అడగడం మొదలెట్టారు. ఎవరికోసం పెట్టిందో ఒక్కరూ అడగలేదు. అడగడానికేముంది, అన్నిటికీ ఉన్నాయిగా.

ఆమె లేచిన వేగానికి స్టూలు వెనక్కి పడింది. అట్టముక్క చింపి చెత్తబుట్టలో వేసింది. కిటికీ బల్లని కాలితో తోసి మిగతా బల్లల వరసలో కలిపేసింది. బీరువాలోంచి పెద్ద జాడీ తీసింది. వాడొక్కడికోసమే అయినా, తడబడితే మళ్ళీ ఇవ్వొచ్చని నిన్న జాడీ నిండా గుడ్డ పేలికలు వేసి ఉల్లిపాయల్లో ఊరబెట్టింది, అదే ఇప్పుడు పనికొచ్చింది. సంచిలోంచి కత్తెర తీసింది. అమ్మ కత్తెర. పిడికి అమ్మ చుట్టిన గుడ్డ ఇంకా అలాగే ఉంది, బొటనవేలు చోట నల్లబడి. కరకర కత్తిరిస్తూ బల్లబల్లకీ పంచుతూ పోయింది. రంగు కాగితం పక్కన రెండు గుడ్డముక్కలు, రంగు కాగితం పక్కన రెండు గుడ్డముక్కలు. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు, ఉల్లిపాయ ఉన్నచోట ఎవరూ ఎందుకని అడగరు కూడా. మిషను చప్పుడొకటి తక్కువ, లేకపోతే అది అమ్మ కొట్టే.

చివరి బల్ల దగ్గరుండగా ఎక్స్‌టర్నల్ లోపలికొచ్చాడు, చొక్కా మడత నలిగింది. "దరఖాస్తు పెట్టుకోండి, పరిశీలిస్తాం అన్నారు మేడమ్. వచ్చే ఏడాదికి" అన్నాడు, నేల చూపులు చూస్తూ. అని ముక్కు ఎగబీల్చాడు, చుట్టూ చూశాడు. "ఇదేంటి మేడమ్, అన్ని బల్లల మీదా..."

"ఒక్కొక్కళ్ళకి ఒక్కో తూకం వద్దన్నారుగా సార్. అందరికీ రెండు తూకాలూ పెట్టేశా. ఎవరికి కావలసింది వాళ్ళు వాడుకుంటారు. జవాబు ఒకటే, ఎలా తెలిసిందో చెప్పాల్సిందీ ఒకటే. ఇప్పుడు ఎవరు మీ కాలర్ పట్టుకుంటారో చెప్పండి."

ఆయన బల్ల దగ్గరికొచ్చాడు. ఒక గుడ్డముక్క తీసి వాసన చూశాడు, మొహం చిట్లించాడు. ఒక సీసాలోంచి చుక్క వేసి, టాపు కింద జాడించి మళ్ళీ వాసన చూశాడు. ఇంకో ముక్క తీసి రెండో సీసాలోంచి చుక్క వేశాడు, జాడించాడు, ముక్కుకి పెట్టుకున్నాడు. పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మొదటిది మళ్ళీ చూశాడు, రెండోది మళ్ళీ చూశాడు. చిన్నపిల్లాడి మొహం వచ్చేసింది మనిషికి. "పాఠం చెప్తాను మేడమ్ ఇది, ఏటా చెప్తాను. ఎప్పుడూ చేసి చూళ్ళేదు" అన్నాడు మెల్లిగా. జేబులోంచి ప్రశ్నల కార్డు తీసి, దూరంగా పట్టుకుని దగ్గరగా పట్టుకుని చదివాడు. "సూచిక సాయంతో అని ఉంది. రంగు అని ఎక్కడా లేదు. నాకు చాలు." ఆగి, "పై ఆఫీసు అడిగితే మాత్రం మీరే మాట్లాడాలి. మీ గొంతు నాకు లేదు" అన్నాడు. ఆమె నవ్వింది, ఆ రోజు మొదటిసారి.

గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ వచ్చారు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముక్కులు మూసుకున్నారు. "మేడమ్, ఇది సైన్సు పరీక్షా, పకోడీల పరీక్షా?" అన్నదొక పిల్ల. "రెండూ. ఏది చేతనైతే అది రాయి, నోరు మూసుకుని" అంది ఆమె. కీచురాయి ఆఖరున వచ్చాడు. కిటికీ దగ్గర చూశాడు, అక్కడ బల్ల లేదు. తన బల్ల చూశాడు, పక్క బల్ల చూశాడు, దాని పక్కది చూశాడు. ఆమె అంతవరకే చూసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, గదికి వీపు పెట్టి నిలబడింది. ఎవరు కాగితం తీసుకుంటారో, ఎవరు గుడ్డ తీసుకుంటారో తను చూడకూడదు, తను చూస్తే వాడు తన చూపుని చూస్తాడు.

కానీ చెవులు మూసుకోలేదుగా. గుడ్డ వాడినవాళ్ళు టాపు దగ్గరికి వెళ్ళి జాడించాలి. ఒక్కటే టాపు, అదీ గది మధ్యలో. ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టింది. వాడొక్కడే వెళ్తే? గది మధ్యలో, అందరి ముందూ, వాడొక్కడే? మళ్ళీ అదే బల్ల, ఈసారి నడిచే బల్ల. సీసాల మూతలు తీస్తున్న చప్పుడు, కాగితం చింపుతున్న చప్పుడు. టాపు దగ్గర ఏ చప్పుడూ లేదు. లేదు. ఇంకా లేదు. వద్దులేరా, వెళ్ళకురా, అనుకుంది. అంతలోనే, వెళ్ళరా, అనుకుంది. మెట్ల మీద కూచున్న పిల్ల అయిపోయింది, గోడకి ఇవతల.

టాపు విప్పారు. ఎవరిదో బూటు చప్పుడు, చెప్పుది కాదు. "ఒరేయ్, నిజంగానే పోయిందిరా! చూడు, నీ ముక్కు పెట్టి చూడు!" అని గుసగుస. పకోడీల పిల్ల నవ్వు. వెంటనే ఇంకొకళ్ళు, వాళ్ళ వెనక మరొకళ్ళు, ఎవరి కాలు ఎవరు తొక్కారో, "నేను ముందు" "నువ్వు జరుగు", టాపు ఆగడం లేదు, కాగితంతో పనైపోయినవాళ్ళు కూడా ఊరికే చూడ్డానికి వెళ్తున్నట్టున్నారు. ఆ తొక్కిడిలో ఈడ్చుకుంటూ నడిచే చెప్పులు ఉన్నాయా? ఉన్నట్టే ఉన్నాయి, లేనట్టే ఉన్నాయి, ఆ గోలలో తెలియడం లేదు. తెలియకపోవడం ఎంత హాయిగా ఉందో.

కాసేపటికి ఎక్స్‌టర్నల్ ఒక్కో బల్ల దగ్గరా ఆగి అడుగుతున్నాడు, "ఎలా తెలిసింది?" "నారింజ వచ్చింది సార్." "వస్తే?" "వచ్చింది సార్, అంతే." ఇంకో బల్ల. "పచ్చ వచ్చింది సార్." "ఎందుకొచ్చింది?" "పుస్తకంలో ఉంది సార్." ఇంకో బల్ల. అక్కడ గొంతు బొంగురుగా మొదలై కీచుగా తేలింది. "వాసన పోయింది సార్. ఇందులో పోయింది, అందులో ఉంది. కాబట్టి ఇది క్షారం." "పోతే క్షారమని ఎలా చెప్తావు?" ఇక వాడు మొదలెట్టాడు, ఉల్లిపాయలోంచి, సోడాలోంచి, చీమలోంచి, ఎక్కడెక్కడి నుంచో లాక్కొస్తున్నాడు, గొంతు పైకి పోతోంది, కిందికొస్తోంది, ఎవరి పెదాల వంకా చూస్తున్న గొంతు కాదది. ఎక్స్‌టర్నల్, "చాలు నాయనా, చాలు, మిగతావాళ్ళని కూడా అడగనీ" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వినట్టున్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. బయట ఎండలో చెట్టు ఆకులు పచ్చగా ఉన్నాయి, ప్రహరీ ఇటుకలు ఎర్రగా ఉన్నాయి. కిటికీ ఊచ మీదున్న వేలు, దానంతటదే, ఏ వీపునో వెతుక్కుంటున్నట్టు ఒక్కసారి కొట్టింది. పచ్చకి రెండోసారి కొట్టబోయి ఆగింది. వెనక టాపు కింద మళ్ళీ ఎవరో గుడ్డ జాడిస్తున్నారు.